186 పోస్టులు, 132 బొమ్మలు: గీసినవాళ్ళ పేర్లు వెతికిన డైరీ

మాది రాజమండ్రి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడేళ్ళుగా సామెతల పేజీ నడుపుతున్నాను. వారానికి ఒకటో రెండో పోస్టులు, సామెత ఒకటి, దానికి తగిన బొమ్మ ఒకటి. సామెత ఊరందరిదీ. బొమ్మ మాత్రం ఎవరో ఒకరు కూర్చుని గీసింది. ఈ తేడా నాకు ఒక చిత్రకారిణి నుంచి మెసేజ్ వచ్చేదాకా తట్టలేదు.

"రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు బొమ్మ నేను గీసిందండీ. పేరు పెట్టలేదు సరే, కింద సంతకం ఎందుకు కోసేశారు?"

నేను కావాలని కోయలేదు. ఆవిడ పంపిన అసలు బొమ్మ 1080 అడ్డం, 1350 నిలువు. నేను చదరపు ఫ్రేములో పెట్టాను. అంటే పైన 135 పిక్సెళ్ళు, కింద 135 పిక్సెళ్ళు పోయాయి. ఆవిడ సంతకం అడుగున 70 పిక్సెళ్ళ పట్టీలో ఉంది. పోస్టు పెట్టేటప్పుడు ఆ మూల నేను చూడనే లేదు.

వెంటనే తీసేస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "తీసేస్తే మీ పేజీలోంచి పోతుంది. చూసినవాళ్ళకి అది నాదని ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆవిడ చెప్పినట్టే పూర్తి బొమ్మని సంతకంతో, పేరుతో, క్షమాపణతో మళ్ళీ పెట్టాను. పాత పోస్టుని 11,400 మంది చూశారు. సవరణ పోస్టుని వారంలో చూసింది 900 మంది. మిగతా పది వేల పైచిలుకు మందికి ఆ బొమ్మ ఇప్పటికీ ఎవరిదో తెలియదు. ఆ రెండు అంకెలూ చూశాక మిగతా పోస్టులన్నీ తవ్వాలని కూర్చున్నాను. ఇలాంటి పేజీ నడిపేవాళ్ళు నేను పడ్డ గుంటల్లో పడకుండా ఉంటారని ఇది రాసి పెడుతున్నాను.

దశ 1: ఏం వాడానో లెక్క తీయడం

పోస్టుల చిట్టా కావాలి కాబట్టి యాప్‌లో నా సమాచారం డౌన్‌లోడ్ అడిగాను. మొదటిసారి జేసన్ ఫైలుగా, అంటే ప్రోగ్రాములు చదువుకునే రూపంలో తీసుకున్నాను, అది తప్పయింది. తెలుగు రాతంతా పిచ్చి గుర్తులుగా వచ్చింది. తెలుగులో ఒక్కో అక్షరం గుర్తుకి మూడు బైట్లు పడతాయి. ఆ ఫైలు ఒక్కో బైటునీ విడి అక్షరంగా రాసేస్తుంది. ప్రోగ్రామింగ్ వస్తే సరిచేసుకోవచ్చు, నాకు రాదు. హెచ్‌టీఎమ్‌ఎల్ రూపంలో మళ్ళీ అడిగితే తెలుగు శుభ్రంగా వచ్చింది. ఒక సాయంత్రం వృథా.

తర్వాత ఎక్సెల్ షీటులో ఈ గడులు పెట్టాను:

1. పోస్టు నంబరు, తేదీ
2. బొమ్మ నాకు ఎక్కడ దొరికింది
3. గీసినవారు లేదా ఫోటో తీసినవారు
4. అసలు బొమ్మ ఉన్న లింకు
5. అనుమతి: ఉంది, లేదు, అడగాలి
6. అనుమతి ఇచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ ఉన్న ఫోల్డరు

ఆరో గడి మొదట్లో లేదు. ఒక ఆర్టిస్టు "వాడుకోండి" అని చెప్పి తర్వాత అకౌంటు మూసేశారు. చాట్‌లో పేరు మాయమైంది, ఎవరు అనుమతి ఇచ్చారో చూపించే దారి లేకపోయింది. అప్పటినుంచి ప్రతి జవాబుకీ అదే రోజు స్క్రీన్‌షాట్ తీస్తున్నాను.

లెక్క: మొత్తం 186 పోస్టులు. నేను తీసిన ఫోటోలు 23. ఉచిత ఫోటోల సైట్లవి 31. ఎక్కడెక్కడివో ఏరుకున్నవి 132.

ఆ 132 కింద నేను ఏం రాశానో కూడా లెక్కపెట్టాను. ఏమీ రాయనివి 58. "సేకరణ" అని రాసినవి 41. "కర్టెసీ: గూగుల్" 19. "పింటరెస్ట్" 14. సేకరణ అని రాస్తే నిజాయితీగా ఉన్నట్టే అనుకునేదాన్ని. నిజానికి ఆ మాట నా గురించి చెబుతుంది, గీసినవాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పదు. గూగుల్ బొమ్మ గీయదు, దొరికిన చోటు చూపిస్తుంది. పింటరెస్ట్‌లో ఉన్నది ఎవరో అక్కడ తగిలించిన బొమ్మ. ఈ మూడు మాటలూ నా పేజీలోంచి తీసేశాను.

దశ 2: పేర్లు వెతకడం

ఎక్కువ టైము మింగింది ఇదే.

మొదటి విడత గూగుల్ లెన్స్, బొమ్మ పెడితే అది ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపిస్తుంది. 51 పేర్లు దొరికాయి, సంబరంగా ఆ పోస్టుల కింద పేర్లు రాసేశాను. నాలుగో రోజు ఒకరు మెసేజ్ పెట్టారు: "నా బొమ్మకి వేరే పేజీ పేరు రాశారు." చూస్తే నేను రాసింది ఆ బొమ్మని నాలాగే ఎత్తుకున్న ఒక పేజీ పేరు. మిగతా 50 మళ్ళీ చూస్తే ఇంకో రెండు అలాంటివే తేలాయి. పేరు లేకపోవడం కంటే తప్పు పేరు ఎక్కువ హాని. పేరు లేకపోతే చూసేవాళ్ళు ఎవరిదో అని వెతికే అవకాశమైనా ఉంటుంది. తప్పు పేరు ఉంటే వెతకడం ఆగిపోతుంది. ఆ మూడు పేర్లూ తీసేసి, 48 దగ్గర ఆగి, పేరు ఖాయం చేయడానికి ఈ పరీక్షలు పెట్టుకున్నాను:

1. అక్కడున్న బొమ్మ నా దగ్గరున్నదానికంటే పెద్దదిగా, అంచులు తెగకుండా ఉందా?
2. అదే పేజీలో అదే చేతి బొమ్మలు ఇంకా ఉన్నాయా? కళ్ళు, వేళ్ళు, గీత మందం పోల్చాలి.
3. చిత్తు బొమ్మ, గీస్తున్న వీడియో, కాగితం మీద ఉన్న ఫోటో లాంటివి ఉన్నాయా?

మూడింటిలో రెండైనా ఉంటేనే పేరు రాస్తాను.

రెండో విడత టిన్ఐ, ఇదీ బొమ్మ పెట్టి వెతికే సైటే. అందులో దొరికినవాటిని పాతవి ముందు వచ్చేలా పేర్చుకోవచ్చు. పాతదే అసలుదని ఖాయం కాదు, దారి మాత్రం చూపిస్తుంది. ఇక్కడ పనికొచ్చినవి రెండు. నేను బొమ్మ మీద రాసిన సామెతని కోసేసి, బొమ్మ ముక్క మాత్రమే పెట్టి వెతకడం ఒకటి. బొమ్మని అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పి వెతకడం రెండోది. ఎత్తుకున్న పేజీలు దొరకకుండా ఉండాలని బొమ్మని తిప్పి పెడతాయి. ఒక బొమ్మలో ఎడమ చేత్తో కవ్వం పట్టుకున్న ఆవిణ్ణి చూసి అనుమానం వచ్చి తిప్పాను, వెంటనే దొరికింది. ఈ విడతలో 21. మొత్తం 69.

మూడో విడత చేత్తో చేసే పని. బొమ్మని పెద్దది చేసి మూలలు గాలించడం, సంతకాలు చదవడం, మనుషుల్ని అడగడం. 14 దొరికాయి. వాటిలో నాలుగు చేర్యాల బొమ్మలు. వాటి కింద నేను "తెలంగాణ జానపద కళ" అని రాసి ఊరుకున్నాను. జానపదం అన్నంత మాత్రాన గీసిన చెయ్యి లేకుండా పోదు. గుడ్డకి గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యం వేసి గీస్తారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. ఆ పని చేసే నకాషీ కుటుంబాలు కొద్ది. ఆ ఫోటోలు ఒక అమ్మకాల పేజీవి, అక్కడా పేర్లు లేవు. ఆ దుకాణానికి ఫోన్ చేస్తే రెండు రోజులకి పేర్లు చెప్పారు, నాలుగూ ఇద్దరు చిత్రకారులవి. ఫోన్ మాట్లాడింది ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల పనికి రెండేళ్ళు ఆ బొమ్మలు పేరు లేకుండా నా పేజీలో ఉన్నాయి.

లెక్క: 132లో పేర్లు తేలినవి 83. తేలనివి 49. పట్టిన టైము 46 గంటలు, అంటే బొమ్మకి సగటున 21 నిమిషాలు.

పేరు తేలని 49 బొమ్మల్నీ అదే వారం తీసేశాను. "గీసినవారు తెలిస్తే చెప్పండి" అని పెట్టి ఉంచేద్దామని ఒక మనసు లాగింది. తెలియకపోతే వాడకూడదు అనేదే సరైన దారి. అవసరమైతే సామెత ఒక్కటే పెడతాను, దానికి బొమ్మ లేకపోయినా నష్టం లేదు.

దశ 3: పాతతరం చిత్రాలు

పేర్లు తేలిన 83లో 14 కన్నుమూసిన చిత్రకారులవి. "పాతవి కదా, ఎవరైనా వాడుకోవచ్చు" అని అందరూ అంటారు. ఎంత పాతవి అన్నది తేల్చుకోవాలి.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో బొమ్మ మీద హక్కు గీసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. ఆ 60 ఏళ్ళని వారు పోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కపెడతారు. నేను వేసుకున్న లెక్క:

1. రాజా రవివర్మ, 1906లో పోయారు. గడువు ఎప్పుడో తీరింది.
2. దామెర్ల రామారావు, 1925లో పోయారు. తీరింది.
3. వడ్డాది పాపయ్య, 1992లో పోయారు. 2052 చివరిదాకా ఉంది.
4. బాపు, 2014లో పోయారు. 2074 చివరిదాకా ఉంది.

గడువు తీరినవి 9, తీరనివి 5. ఆ అయిదూ తీసేశాను. వాటిలో మూడింటి మూలన "వ.పా" అన్న పొడి సంతకం స్పష్టంగా ఉంది. అంత స్పష్టంగా ఉన్నదాన్ని కూడా నేను చదవలేదు.

గడువు తీరితే అనుమతి అక్కర్లేదు గానీ పేరు ఎందుకు వదిలెయ్యాలి? తొమ్మిదింటికీ పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు రాశాను. అందులో ఒకదానికి మూడేళ్ళ కిందట "రవివర్మ చిత్రం" అని రాసి ఉన్నాను. చీర కట్టుకున్న స్త్రీ పాతకాలం రంగుల్లో కనిపిస్తే చాలు, రవివర్మ అనేస్తాం. వెతికితే దామెర్లదని తేలింది. ఖాయం చేసుకోవడానికి మా ఊళ్ళోనే ఉన్న ఆయన పేరు మీది ఆర్ట్ గ్యాలరీకి ఒక ఉదయం వెళ్ళాను. ఆ చిత్రం అక్కడ గోడ మీద ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన మనిషి, మా ఊరివాడు, మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దూరం. ఆయన బొమ్మకి ఇంకొకరి పేరు రాసి వేలమందికి చూపించాను. చాలాసేపు ఆ చిత్రం ముందే నిలబడ్డాను. ఇంటికి రాగానే సవరణ పోస్టు పెట్టాను. ఈసారి ఆయన గురించి నాలుగు మాటలు కూడా రాశాను.

దశ 4: అనుమతి అడగడం

మిగిలిన 69 బొమ్మలు, 41 మంది ఆర్టిస్టులవి.

మొదటి 10 మందికి పంపిన మెసేజ్ ఇది: "మీ బొమ్మ చాలా బాగుంది. మా పేజీలో క్రెడిట్ ఇచ్చి వాడుకోవచ్చా?" ఇద్దరే జవాబిచ్చారు. అందులో ఒకరు "ఆల్రెడీ వాడేశారుగా" అన్నారు. ఆ మాట నిజం. వాడేసిన సంగతి దాచి అనుమతి అడగడం మోసం. మెసేజ్ మార్చాను:

"నమస్కారమండీ. మీరు గీసిన ఈ బొమ్మని ఫలానా తేదీన మా సామెతల పేజీలో మీ పేరు లేకుండా, మిమ్మల్ని అడగకుండా పెట్టాను. తప్పు నాది. ఇప్పుడు ఆ పోస్టు ఎవరికీ కనపడకుండా చేశాను. మీరు చెప్పినట్టు చేస్తాను: పూర్తిగా తీసేయడమా, మీ పేరుతో ఉంచడమా, ఫీజు తీసుకుని ఉంచడమా. 14 రోజుల్లో మీ మాట రాకపోతే తీసేస్తాను. మీ పేరు ఏ స్పెల్లింగుతో రాయాలో కూడా చెప్పండి."

దీనికి 31 మందిలో 20 మంది జవాబిచ్చారు. కాపీ చేసుకునేవాళ్ళు ఈ రెండోదే చేసుకోండి. జవాబు రాకపోతే ఏం చేస్తారో ముందే చెప్పడం ముఖ్యం. మౌనాన్ని అనుమతి కింద జమ వేసుకోకూడదు.

"కనపడకుండా చేశాను" అన్నది ఆర్కైవ్. డిలీట్ చేస్తే తేదీ, కామెంట్లు పోతాయి, ఎవరైనా వివరం అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ముందు ఆర్కైవ్, వాళ్ళ మాట వచ్చాక డిలీట్.

లెక్క:
1. పేరుతో ఉంచమన్నవారు 15 మంది, 27 బొమ్మలు
2. తీసేయమన్నవారు 5గురు, 8 బొమ్మలు
3. ఫీజు అడిగినవారు ఇద్దరు, 3 బొమ్మలు, ₹2,000
4. జవాబు రానివారు 19 మంది, 31 బొమ్మలు, తీసేశాను

ఫీజు అడిగినవాళ్ళ గురించి ఇంట్లో "డబ్బులు కూడానా?" అన్నారు. ఒక బొమ్మకి ₹500, ఇంకొకరికి రెండు బొమ్మలకి ₹1,500. ఒక్క బొమ్మ గీయడానికి ఎన్ని గంటలు పడుతుందో ఏడో దశలో నాకే తెలిసొచ్చింది, ఆ డబ్బు తక్కువే. ఇంకో సంగతి, డబ్బు ఇచ్చినా పేరు పెట్టాల్సిందే. ఆ చట్టంలోనే 57వ సెక్షను ఉంది. హక్కులు అమ్మేసినా ఈ పని నాదని చెప్పుకునే హక్కు గీసినవారికే ఉంటుంది.

దశ 5: ఉచిత ఫోటోలు

31 ఫోటోలు. ఇవి పక్కా అనుకున్నాను. 12 వికీమీడియా కామన్స్ నుంచి తెచ్చినవి, అవి చాలావరకు సీసీ బై-ఎస్ఏ అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సువి. ఉచితమే, కానీ ఊరికే కాదు. తీసినవారి పేరు, లైసెన్సు పేరు, లింకు ఇవ్వాలి. కోసినా రంగు మార్చినా ఆ సంగతి చెప్పాలి. నేను ఒక్కదానికీ చెప్పలేదు. ఇప్పుడు 12కీ రాశాను. ఇంకో సైటులోని 4 ఫోటోలు అక్కడ ఎక్కించినవాళ్ళవి కాదని లెన్స్‌లో తేలింది, తీసేశాను. మిగతా 15కి పేరు తప్పనిసరి కాదు, అయినా రాశాను.

లెక్క: ఉంచినవి: నా ఫోటోలు 23 + ఉచిత ఫోటోలు 27 + ఏరుకున్న బొమ్మలు 39 = 89. తీసేసినవి 97. రెండూ కలిపితే 186.

దశ 6: పేరు ఎక్కడ పెట్టాలి

పేరు ఇన్నాళ్ళూ కాప్షన్ చివర పెడదామనుకున్నాను. కాప్షన్‌లో మొదటి రెండు లైన్లే కనపడతాయి, మిగతాది నొక్కితేనే. అందుకని "బొమ్మ: ఫలానావారు" అన్నదాన్ని మొదటి లైనుకి తెచ్చాను. ట్యాగ్ ఒక్కటే చాలదు. ఒక ఆర్టిస్టు అకౌంటు పేరు మార్చుకుంటే నేను రాసిన పాత పేరు ఎక్కడికీ వెళ్ళడం లేదు. పేరూ, ట్యాగూ రెండూ ఉండాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు వాట్సాప్. మా పోస్టులు ఎక్కువగా తిరిగేది ఫ్యామిలీ గ్రూపుల్లో, స్టేటస్‌లలో. అక్కడికి బొమ్మే వెళ్తుంది, కాప్షన్ వెళ్ళదు. ఫైలు లోపలి వివరాల్లో పేరు రాసి చూశాను. ఎగ్జిఫ్‌టూల్ అనే సాధనంతో రాసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, మళ్ళీ దించుకుంటే వివరాలు తుడిచిపెట్టుకుపోయాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపినా అంతే, డాక్యుమెంటుగా పంపితే మాత్రం ఉన్నాయి. ఎవరూ అలా పంపరు. కాబట్టి పేరు బొమ్మ మీదే ఉండాలి.

ఎంత సైజులో అన్నది మూడు ఫోన్లతో కొలిచాను. 1080 అడ్డం ఉన్న బొమ్మ మీద "స్త్రీ", "కృష్ణ" అని నాలుగు సైజుల్లో రాసి, ఫోటోగా మూడుసార్లు పంపించుకుని, చివర స్క్రీన్‌షాట్ తీశాను.

1. 16 పిక్సెళ్ళు: ఒత్తులు కలిసి నల్లటి చుక్కయ్యాయి.
2. 22: పెద్దది చేస్తే చదవొచ్చు. ఎవరూ పెద్దది చెయ్యరు.
3. 28: చదవొచ్చు.
4. 34: చదవొచ్చు, కానీ బొమ్మని మింగుతోంది.

30 ఖాయం చేశాను. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే సైజు తెలుగుకి సరిపోదు, కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉంటాయి. ఎంత అడుగున పెట్టాలో ఆ మొదటి మెసేజే నేర్పింది. చదరంగా కోస్తే పైనా కిందా 135 పోతాయి కాబట్టి, పేరు పై నుంచి 135కీ 1215కీ మధ్యలోనే ఉండాలి. ఖాళీ అంచులో కాకుండా బొమ్మని ఆనుకుని ఉండాలి, అప్పుడు పేరు కోయాలంటే బొమ్మని కోయాలి. ఇతరుల బొమ్మ మీద ఇలా రాసేముందు వాళ్ళని అడుగుతాను, వాళ్ళ సంతకం ఉంటే దాన్ని కదపను.

అక్షరాలకి మండలి ఫాంటు వాడుతున్నాను. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసినదది, రూపకర్త పురుషోత్ కుమార్ గుత్తుల. బొమ్మ మీద ఫాంటు పేరు రాయాలని ఆ లైసెన్సు అడగదు. ప్రొఫైల్‌లో మాత్రం రాశాను. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న అక్షరాలు ఒకరి చేతిలో రూపుదిద్దుకున్నవని నాకు ఈ పనిలోనే తెలిసింది.

దశ 7: సొంత బొమ్మలు

97 ఖాళీలు. ఒక యాప్‌కి మాటలు చెప్పి బొమ్మ తయారు చేయించి చూశాను. ఎద్దుబండి అడిగితే కాడిని మూపురానికి వెనకాల పెట్టింది. కాడి ఉండేది మూపురానికి ముందు, మెడ మీద. అది దిద్దుకోవచ్చేమో. కానీ "బొమ్మ:" అని రాసి తర్వాత ఏం రాయాలో తెలియలేదు. ఎవరెవరి బొమ్మలు చూసి అది నేర్చుకుందో నేను చెప్పలేను. ఆ దారి వదిలేశాను.

స్కూల్లో గీసిన అలవాటు కొంచెం ఉంది. కొన్నవి: 200 జీఎస్‌ఎమ్ కాగితాల పుస్తకం ₹160, మూడు పెన్నులు (0.1, 0.3, 0.5 మి.మీ.) ₹210, బ్రష్ ₹90, నల్ల ఇంకు ₹60, పెన్సిల్, రబ్బరు ₹40. మొత్తం ₹560.

మొదటి బొమ్మని ఫోన్‌తో ఫోటో తీశాను. ఒక పక్క తెలుపు, ఇంకో పక్క బూడిద రంగు. ట్యూబ్‌లైటు మార్చినా అంతే. డీటీపీ షాపులో 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలు వచ్చేలా స్కాన్ చేయించాను, పేజీకి ₹10. స్కాన్‌లో సన్న గీతలు మాయమయ్యాయి. లెక్క వేస్తే కారణం దొరికింది. నా ఫ్రేము 120 × 150 మి.మీ. స్కాన్‌లో అడ్డం 1,417 పిక్సెళ్ళు, దాన్ని 1,080కి కుదిస్తున్నాను. 0.1 పెన్ను గీత 0.9 పిక్సెల్‌కి దిగుతుంది, అంటే పిక్సెల్ కంటే సన్నం. 0.3 గీత 2.7, 0.5 గీత 4.5. ఇప్పుడు బయటి గీత 0.5, లోపలి గీత 0.3. 0.1 పెన్ను మూతపెట్టి పక్కన పెట్టాను.

అసలు ఫెయిల్యూరు గీతలది కాదు. మొదటి అయిదు బొమ్మలు పెట్టాక ఏడుగురు "బాపు బొమ్మలా భలే ఉంది" అన్నారు. పక్కన పెట్టుకుని చూసుకున్నాను. ఆ కోలకళ్ళు, ఆ జడ, నడుము మీద చెయ్యి పెట్టిన తీరు. కాపీ కొట్టలేదు, ఆయన బొమ్మలు చూస్తూ పెరిగిన చెయ్యి అలా వెళ్ళిపోయింది. శైలి మీద చట్టానికి అభ్యంతరం లేదు. నాకుంది. నా పేరు కింద ఆయన గీత పెట్టుకోలేను. అయిదూ తీసేసి అభ్యాసం కింద దాచుకున్నాను. అప్పుడు పద్ధతి మార్చాను:

1. సామెతలో ఉన్న వస్తువుల జాబితా రాయాలి.
2. ఆ వస్తువుని నిజంగా చూడాలి, మూడు వైపుల నుంచి నేనే ఫోటో తీసుకోవాలి.
3. ఫోను పక్క గదిలో పెట్టి ఆరు చిన్న చిత్తు బొమ్మలు వెయ్యాలి.
4. మొదటి రెండూ కొట్టెయ్యాలి. అవి ఎప్పుడూ ఎక్కడో చూసినవే వస్తాయి.
5. మిగతా నాలుగులో ఒకటి ఇంకులో గీయాలి.
6. పోస్టు చేసేముందు నా బొమ్మనే లెన్స్‌లో పెట్టి వెతకాలి.
7. చిత్తులన్నీ తేదీ వేసి దాచాలి. మన దేశంలో కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గీసినప్పుడే హక్కు వస్తుంది. రేపు ఎవరైనా అడిగితే మాత్రం చిత్తులే సాక్ష్యం.

రెండో అంకె ఎంత పనిచేసిందో ఒక్కటి చెబుతాను. "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు" కోసం దుత్తని సన్న మెడ పెట్టి ముంతలా గీస్తున్నాను. కుమ్మరి దగ్గర ₹60 పెట్టి ఒకటి కొన్నాను. మూతి 11 సెం.మీ., పొట్ట 17. మెడ దాదాపు లేదు, అంచు బయటికి వాలి ఉంది. చేత్తో ఎత్తితే వేళ్ళు ఆ అంచు కిందే ఆనుతాయి. కోపంలో విసిరే చెయ్యి పట్టుకునేది అక్కడే. అది తెలిశాక బొమ్మ మారిపోయింది, అత్త మొహం గీయాల్సిన అవసరమే రాలేదు. అంచు కింద బిగుసుకున్న నాలుగు వేళ్ళు చాలాయి.

ఆరో అంకె కూడా ఒకసారి కాపాడింది. ఏనుగు సామెతకి గీసినది లెన్స్‌లో పెడితే, నేను ఎప్పుడో చూసి మరిచిపోయిన ఒక కార్టూన్ కూర్పు అచ్చంగా వచ్చింది. ఆ బొమ్మ పెట్టలేదు.

లెక్క: గీసినవి 27. పక్కన పెట్టినవి 6. పేజీలో ఉన్నవి 21. మొదటి అయిదింటికి సగటున 4 గంటలు, చివరి అయిదింటికి 1 గంట 50 నిమిషాలు. స్కాన్లు ₹270. ఫీజులు, సామాను, దుత్త, స్కాన్లు కలిపి ₹2,890. ఇంకా ఖాళీలు 76.

కొత్తగా ఎవరి బొమ్మైనా వాడాలనిపిస్తే పేరు వెతికి, అడిగి, షీటులో రాయడానికి ఇప్పుడు నాకు పడుతున్నది బొమ్మకి 5 నిమిషాలు, జవాబు కోసం ఆగే రోజులు కాక. అదే పని తర్వాత చేస్తే 21 నిమిషాలు పట్టింది, అయినా 49 పేర్లు దొరకలేదు.

దశ 8: రోలూ మద్దెలా

ఈ వారమంతా ఆ మొదటి సామెతకి సొంత బొమ్మ గీయాలని ప్రయత్నం. మా పెరట్లో అమ్మమ్మ రోలు ఉంది, మూడు వైపులా ఫోటో తీశాను. మద్దెల కోసం గుడి దగ్గర భజన బృందం వాళ్ళని అడిగాను. దాని తోలు వార్లు, కుడి వైపు నల్లటి ముద్ద దగ్గరగా చూసుకున్నాను. వాయించే ఆయన "రోలుకి ఒక పక్కే దెబ్బ, దీనికి రెండు పక్కలా" అన్నారు, సామెతంతా అదే.

ఆరు చిత్తులు వేశాను. ఆరింటిలోనూ రోలు కుడి వైపుకి కొంచెం వాలి ఉంది. వాలకుండా గీస్తే మొర పెట్టుకున్నట్టు అనిపించడం లేదు. ఆ వాలు ఆవిడది. రోళ్ళు వాలవు, రోలుని వంచి దానికి దుఃఖం ఇచ్చింది ఆవిడ. ఆ సంగతి ఆవిడకి రాశాను. "గీసేయండి, పర్లేదు" అన్నారు. ఇంకో రెండు చిత్తులు వేసి ఆపేశాను.

ఆ సామెత దగ్గర పేజీలో ఆవిడ బొమ్మే ఉంది, నిలువుగా, సంతకంతో సహా. షీటులో దాని ఎదురుగా "సొంతది గీయాలి" అని ఉన్న మాట కొట్టేశాను.